దిండ్లు ఎన్నని అడగని శనివారం

సిస్టరమ్మ పోయారన్న కబురు ఆవిడ ఫోను నుంచే వచ్చింది. శనివారం సాయంత్రం గాజువాకలో బస్సు దిగుతుంటే సంచిలో ఫోను మోగింది. తెర మీద ఆవిడ పేరే కనిపించింది. “సెప్పండి సిస్టరమ్మా” అన్నాను, నవ్వుతూనే. అటునుంచి ఆవిడ కోడలి గొంతు వినిపించింది. “అత్తమ్మ ఎల్లిపోనారండి. మద్దినేల అన్నం తిని నడుం వాల్చేరు. టీ ఇద్దామని లేపితే లేగలేదు.” నేను ఏమన్నానో గుర్తులేదు. షేర్ ఆటోవాళ్ళు కూర్మన్నపాలెం, కూర్మన్నపాలెం అని పిలుస్తున్నారు. ఆవిడ ఇల్లు అక్కడే. ఎక్కాలని తెలుసు. అయినా మూడు ఆటోలు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

రాయడం నాకు అలవాటు లేదు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా నా గొంతు రెండో వరుస దాటదు. అయినా పెన్ను పట్టుకున్నాను. మా కంప్యూటర్లో ఎక్కించినదాన్ని తరవాత దిద్దితే ‘ఎందుకు మార్చారు’ అని ఒక గడి వస్తుంది. అందులో రెండు లైన్లు పడతాయి. సిస్టరమ్మ గురించి ఆ గడిలో పట్టింది అక్కడ రాశాను. పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని చెప్పాలి. గుండెలో కవాటం మార్పించుకున్న రోగుల వివరాలు చాలా దేశాల ఆసుపత్రులు కలిసి ఒకేచోట దాచుకుంటాయి. దాన్ని రిజిస్ట్రీ అంటారు. కొత్త కవాటం ఎవరికి ఎన్నాళ్ళు పనిచేసిందో అందులో చూసి డాక్టర్లు నేర్చుకుంటారు. విశాఖపట్నంలో మా ఆసుపత్రి కూడా అందులో ఉంది. రోగి పేరు బయటికి వెళ్ళదు, నంబరు వెళ్తుంది. ఆపరేషన్ అయిన నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి మేము ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుని ఎక్కించాలి. ఉన్నారు, లేరు, తెలియలేదు. మొదటి ప్రశ్నకు ఈ మూడే జవాబులు. ఆయాసం ఎంత ఉందన్నది రెండో ప్రశ్న. దానికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకె వేయాలి. ఒకటి అంటే ఆయాసం లేదని.

సిస్టరమ్మ గుండె వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాక ఈ ఫోన్లు చేసే గది చూసుకోవడానికి మళ్ళీ వచ్చారు. అప్పుడు నేను రికార్డు రూములో ఫైళ్ళు మోసేదాన్ని. ఒకరోజు పిలిచి, “నీ గొంతు నాకు కావాలమ్మా” అన్నారు.

“నా గొంతు పైకి రాదు కదండీ.”

“అందుకే. మెల్లగా అడిగినోళ్ళకి జనం నిజం సెప్తారు. గట్టిగా అడిగితే బాగున్నామని సెప్పీసి ఫోను ఎట్టేస్తారు.”

నేను మొదట ఫోన్ చేసింది తగరపువలస వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు. “బాగున్నారాండి?” అని అడిగాను. “బాగున్నాను తల్లీ” అన్నాడు. నేను సంతోషంగా ఒకటి అంకె వేయబోయాను. సిస్టరమ్మ నా చేతిలో ఫోను తీసుకున్నారు.

“బావూ, రాత్రి ఎన్ని దిండ్లేసుకుంతన్నావు?”

“దిండ్లేటమ్మా, గోడకి జారబడి కూకుంతన్నాను. పడుకుంటే ఊపిరాడ్డంనేదు.”

“బాగున్నానన్నావు?”

“మరి ఆవిడ అంత మర్యాదగా అడిగితే, బాగోలేదని ఎలా అంతాను?”

ఆయన్ని ఆ పూటే ఆసుపత్రికి రప్పించారు. ఆ తరవాత నా వైపు తిరిగి, “బాగున్నారా అని ఎప్పుడూ అడక్కు. దిండ్లు ఎన్నో అడుగు. ఆయాసం ఉన్నోళ్ళు తల ఎత్తు పెంచుకుంటా పోతారు. నోరు అబద్ధం ఆడినా దిండ్లు ఆడవు” అన్నారు. ఫారంలో దిండ్ల ప్రశ్న లేదు. అందుకని ఒక పాత డైరీలో గీతలు గీసి, నంబరు పక్కన దిండ్ల లెక్క రాయించేవారు. దాన్నిబట్టే కంప్యూటర్లో అంకె వేసేవాళ్ళం.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఆవిడ చేతులు కడుక్కునేవారు. రోగిని తాకడానికి వెళ్తున్నట్టే మోచేతులదాకా. ఎవరైనా పోయారని తెలిస్తే మాత్రం కూర్చుని రాసేవారు కాదు. లేచి నిలబడి, తేదీ కొట్టి, ఒక నిమిషం ఆగి కూర్చునేవారు. “కుర్సీలో కాళ్ళు ఊపుకుంటా రాసేదా ఇది” అనేవారు. నేను యేసయ్యకు ప్రార్థించుకుంటే, ఆవిడ అప్పన్న స్వామిని తలుచుకునేవారు. ఇద్దరం పక్కపక్కనే నిలబడేవాళ్ళం.

ఫోను ఎత్తనివాళ్ళ దగ్గర ‘తెలియలేదు’ అని మిగతా గడులు ఖాళీ వదిలే బదులు ‘ఉన్నారు’ అని పెట్టేద్దామా అని నేను ఒకసారి అడిగాను. ఆవిడకు కోపం రాలేదు. “ఖాళీ వదిల్తే అడగలేదని తెలుస్తాది. ఊహించి రాత్తే అడిగీమని నమ్ముతారు. ఖాళీయే నయం” అన్నారు. అప్పటి నుంచి నేను వినకుండా ఏదీ రాయలేదు. ఆ ఒక్క శనివారం తప్ప.

కిందటి ఏడాది ఆవిడకే కవాటం మార్చారు. వార్డులో కళ్ళు తెరిచి నన్ను చూసి, “ఇన్నాళ్ళూ అందరికీ నంబర్లిచ్చాను, నాకూ ఒకటి ఇచ్చీయే” అన్నారు. ఇచ్చాను. తరవాత ఆవిడ పనికి రాలేదు. గదిలో నేనొక్కదాన్నే మిగిలాను.

ఆరు నెలలకు ఫోన్ చేస్తే నన్ను ఏడిపించారు. “ఎవరమ్మా నువ్వు? ముందు నీ పేరు సెప్పు. ఏ ఆసుపత్రి? నా నంబరు నీకెవరిచ్చేరు?” అన్నీ బుద్ధిగా చెప్పాను. దిండ్లు ఎన్నండీ అంటే, “ఒకటే. అదీ మా కోడలు నిన్న ఉతికిన గలీబుతో. రాసుకో” అన్నారు. డైరీలో ఒకటి అని రాశాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఏడాది పూర్తయ్యే రోజు నెలాఖరు శనివారం పడింది. ఆ సాయంత్రానికి నెల జాబితా మొత్తం పంపాలి. అంతకు రెండు రోజుల ముందు ఆవిడే నాకు ఫోన్ చేసి, మెంతి పొడి ఎలా చేస్తావని అడిగారు. నేను మాటల మధ్యలో, “బాగున్నారా సిస్టరమ్మా?” అన్నాను. “నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను” అన్నారు. శనివారం పదకొండు గంటలకు ఆవిడ నంబరు తెర మీదికి వచ్చినప్పుడు ఆ మాట చెవిలో ఉంది. పని నేర్పిన మనిషిని దిండ్లు ఎన్నని పరీక్ష చేయడం ఏం బాగుంటుందిలే అని కూడా అనిపించింది. బద్ధకమా, గౌరవమా, ప్రేమా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలడం లేదు. ఫోన్ చేయలేదు. ఉన్నారు అని పెట్టాను. ఆయాసం ఒకటి. డైరీలో దిండు ఒకటి.

పదకొండు గంటలకు ఆవిడ నిజంగానే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక లేరు. కంప్యూటర్ తేదీ అడుగుతుంది, గంట అడగదు. మరి నేను రాసింది తప్పా, ఒప్పా? తప్పని తెలుస్తూనే ఉంది. ఎక్కడ మొదలైన తప్పో తెలియడం లేదు.

పదోరోజుకు మళ్ళీ కూర్మన్నపాలెం వెళ్ళాను. కోడలు నా పక్కన చాప మీద కూర్చుని చెప్పింది. “పోడానికి నాలుగు రోజుల ముందునుంచీ ఆయాసపడతానే ఉన్నారండి. ఆసుపత్రికి పోదాం రండత్తా అన్నాను. ఒగ్గీ, శనివారం ఏడాది ఫోను వస్తాది, మా పిల్ల అడుగుతాది కదా, అప్పుడే సెప్తాను, లెక్కలోకి కూడా ఎక్కుతాది అన్నారు. ఆ రోజు పొద్దున్నుంచి సెల్లు పక్కనెట్టుకునే కూసున్నారు.” అప్పుడు నన్ను అడిగింది. “సేసీరా?”

“నేదమ్మా. సెయ్యలేదు.”

ఆమె నా ముఖం వైపు చూడలేదు. చీర కొంగుతో చాప మీద లేని దుమ్ము తుడిచింది. “అన్నం తినీసి ఎల్లండి. ఎండెక్కువుంది” అంది. అది క్షమించడమో, వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటో నాకు అర్థం కాలేదు. తిన్నాను. వద్దనడం కూడా బాగుండదని తిన్నాను.

నాకు ఇంకొకటీ అర్థం కాదు. గురువారం ‘గుండ్రాయిలా ఉన్నాను’ అన్నది నన్ను నమ్మించడానికా, నేను తరవాతి ప్రశ్న అడుగుతానో లేదో చూడటానికా? బాగున్నారా అని అడగొద్దని నేర్పిన మనిషిని నేను అదే అడిగాను. ఆవిడ కూడా అందరు రోగుల్లాగే జవాబిచ్చారు.

మర్నాడు రికార్డు దిద్దడానికి మా రిజిస్ట్రీ చూసే డాక్టరుగారి అనుమతి కావాల్సి వచ్చింది. జరిగింది చెప్పాను. ఆయన మంచివారు. “టైపింగ్ పొరపాటు అని పెట్టేయండమ్మా. ఫోన్ చేయలేదని రాస్తే రిజిస్ట్రీవాళ్ళు ఈ ఏడాది మీరు ఎక్కించినవన్నీ తిరగేస్తారు. మీ ఉద్యోగానికీ ఇబ్బంది” అన్నారు.

“అడిగుంటే ఆవిడ బతికేవారాండి?”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “చెప్పలేనమ్మా. మూడు గంటల ముందు తెలిస్తే ఏమయ్యేదో నేను చెప్పలేను.” అవునంటే ఏడ్చేదాన్ని, కాదంటే ఊరట పడేదాన్ని. ఆయన రెండూ అనలేదు.

గదికి వచ్చి చేతులు కడుక్కున్నాను. లేచి నిలబడే తేదీ కొట్టాను. ‘ఎందుకు మార్చారు’ అన్న గడిలో నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఫోన్ చేయకుండా రాశాను అని పెట్టాను. ఏమని ప్రార్థించాలో తోచలేదు. ఆవిడ నంబరు మాత్రం మెల్లగా పైకి చదివాను.

వారానికి ఉత్తరం వచ్చింది. డాక్టరుగారు చెప్పినట్టే ఏడాది ఫోన్ల వివరాలన్నీ అడిగారు. డైరీ ముందు పెట్టుకుని అందరికీ మళ్ళీ ఫోన్ చేస్తున్నాను. నన్ను ఆ కుర్చీలో ఉంచుతారో లేదో తెలియదు. ఉంచకపోతే నా తరవాత ఎవరో ఒక అమ్మాయి వస్తుంది. ఈ కాగితాలు ఆమె కోసం. డైరీ వెనక అట్టలో పెడుతున్నాను. చదివి మళ్ళీ అక్కడే దాచమ్మా, పారేయకు. సిస్టరమ్మ ఇంట్లోవాళ్ళకు మాత్రం చూపించకు.

డైరీలో ఆవిడ నంబరు పక్కన నేను వేసిన ఒకటిని కొట్టేశాను. దాని పక్కన ఏ అంకే వేయలేదు. ఎవరూ నాకు నోటితో చెప్పలేదు, నేను విన్నది కాదు. పదోరోజు భోజనం చేసి బయటికి వస్తుంటే చూశానంతే. పెరట్లో ఆవిడ మంచం నిలువుగా గోడకు ఆనించి ఉంది. పిట్టగోడ మీద దిండ్లు ఎండలో పెట్టారు. మూడు. బూరుగు దూది దిండ్లు. మధ్యదానిలో తల ఆనిన గుంట అలాగే ఉంది, అంత ఎండలోనూ ఇంకా పొంగలేదు.