నత్త కదిలినా పిన్ని ఊ అనలేదు

ఆ ఆఫీసులో అందరికీ ఆమె పిన్నే. నిజానికి ఓనరు ఒక్కతే ఆమెకు అక్క కూతురు, మిగతా నలుగురూ వరస కలిపేసుకున్నారు. ఇరవై ఏళ్లు ఫోన్ల రిపేరు షాపు నడిపి, చూపు సన్నగిల్లాక ఇక్కడ చేరింది. వాళ్లు బ్రౌజర్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. వాటిని పాత ఫోన్లలో, పాత లాప్‌టాప్‌లలో ఆడి తప్పులు పట్టడం పిన్ని పని. "చుట్టరికం ఉద్యోగంలే" అని వెనక గుసగుసలు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

ఆ రోజు ఒక బడికి, పిల్లలు నత్తని నడిపించే ఆట పంపాలి. పిన్ని తన డొక్కు లాప్‌టాప్‌లో తెరిచింది. తెర మీద వేలితో నొక్కే బటన్లు వచ్చాయి. నొక్కితే నత్త ఉలకదు. కీబోర్డు బాణాలు నొక్కినా పలకదు.

"దాని టచ్ ఎప్పుడో చచ్చింది కదా పిన్నీ!" నవ్వాడు ఆ ఆట రాసిన గడ్డం అబ్బాయి.

"చచ్చిందని నీకూ నాకూ తెలుసు. నీ ఆటకి తెలీదే!"

"ఆట మొదట్లోనే టచ్ ఉందా అని అడుగుతుంది. ఉందంటే ఇక కీబోర్డుని పట్టించుకోదు. మీ మెషినే ఉందని కోతలు కోస్తోంది."

"పైన పటారం, లోన లొటారం! దాని మాట నమ్మడమేంట్రా? బడికిచ్చినవన్నీ ఆఫీసులు వదిలేసిన లాప్‌టాప్‌లే. ఇది పంపొద్దు."

"ఒక్క డొక్కు కోసం ఆపేస్తామా?" అన్నాడతను. ఓనరు పిన్ని వైపు తిరిగింది.

"పిన్నినని నా మాట వినకే. బడికెళ్లి చూద్దాం పద. నాది తప్పైతే రేపట్నుంచి రాను."

బడిలో పన్నెండు లాప్‌టాప్‌లు. ఏడింటిలో నత్త అంగుళం కదల్లేదు. గడ్డం అబ్బాయి పిల్లల బెంచీ మీద చతికిలబడ్డాడు.

"ఏం చెయ్యమంటారు పిన్నీ?" ఈసారి గొంతులో వెటకారం లేదు.

"షాపుకొచ్చిన ఫోన్ని నీలో ఏం పనిచేస్తోందమ్మా అని అడిగేదాన్నా? నొక్కి చూసేదాన్ని. నీ ఆటా అడగడం మానేసి కనిపెట్టుకుని కూర్చోవాలి. టచ్చో కీబోర్డో, పిల్లలు ముందు ఏది నొక్కితే అదే పట్టుకోవాలి. మధ్యలో వాళ్లు రెండోదానికి మారితే ఆటా మారాలి."

అక్కడే కూర్చుని రెండు గంటల్లో మార్చాడు. పన్నెండు నత్తలూ కదిలాయి. పిల్లల అరుపులకు టీచరు పరుగెత్తుకొచ్చింది.

"ఈవిడ ఓనరు గారి చుట్టమా?" అందరూ పిన్నీ అనడం విని అడిగిందామె.

ఓనరు నోరు తెరిచేలోపే గడ్డం అబ్బాయి అందుకున్నాడు. "మా టెస్టరండీ. ఈవిడ ఊ అనందే మా ఆఫీసు గడప ఏదీ దాటదు."

పిన్ని మొహం వెలిగిపోయింది. అయినా బింకంగా కళ్లజోడు సర్దుకుంది.

"ఇంకా ఊ అన్లేదు. ఆ మౌసు ఇలా పట్రా, దాంతోనూ చూడాలి."