ఏ బ్యాగూ యాభై పౌండ్లు దాటలేదు

పోయిన వేసవిలో మేం నలుగురం మేముండే ప్లేనో నుంచి కొలరాడో కొండలకు బయలుదేరాం. కారు వెనక మంచాలూ వంటగదీ ఉన్న మా ట్రైలర్. అమరిల్లో అనే ఊరు దాటాక దాని టైరు ఒకటి పేలింది. ట్రైలర్ అటూ ఇటూ ఊగి కారును పక్క లేన్‌లోకి లాగేసింది. వెనక సీట్లో పిల్లలు అరవలేదు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

స్పేర్ టైరు వేసుకుని మెల్లగా దగ్గరి ఊళ్లో టైర్ల షాపుకు చేరాం. అక్కడి పెద్దాయన ట్రైలర్‌లో బరువెంతని అడిగాడు. ఇండియా విమానం ఎక్కేముందు ఒక్కో బ్యాగూ యాభై పౌండ్ల హద్దు దాటకుండా చూసుకునే చేతి త్రాసుతో ఇంట్లోనే తూచాను కాబట్టి ధైర్యంగా చెప్పాను.

"ఏ బ్యాగూ యాభై పౌండ్లు దాటలేదు."

ఆయన "ఎన్ని బ్యాగులు?" అన్నాడు.

"పద్నాలుగు," అంది మా ఆవిడ. తర్వాత తెలుగులో నాతో, "బియ్యం, గ్రైండర్, నీళ్ల సీసాల కేసులు బ్యాగులు కావని మీరు తూచనే లేదుగా," అంది.

ఎదురుగా లారీలు తూచే కాటా ఉంది. ట్రైలర్‌ని దానిమీదికి ఎక్కిస్తే, రెండు టైర్లూ మోయగలిగినదానికంటే నాలుగు వందల పౌండ్లు ఎక్కువ తూగింది. ఎంత మోస్తుందో టైరు మీదే అచ్చు వేసి ఉంటుందట. నేను సైజు మాత్రమే చూసి కొన్నాను.

"ఎక్కువ బరువు మోసే టైర్లు వేస్తాను. సామాను కూడా తగ్గించండి," అన్నాడాయన.

"గ్రైండర్ దించండి," అంది మా ఆవిడ. దించాను.

విడివిడిగా తూచినప్పుడు ఏదీ బరువనిపించలేదు. టైరు అన్నిటినీ ఒకేసారి మోసింది. అది పేలినప్పుడు పక్క లేన్‌లో లారీ లేదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.