ఎదురు రమ్మన్న మార్గరెట్

"గేటు దగ్గరే నిలబడు. చెట్ల వెనక్కి పోయావంటే ఊరుకోను" అంది మార్గరెట్, కారు అద్దం దించి. "వచ్చానుగా. క్షేమంగా వెళ్ళి రా" అన్నాను. మా ఇద్దరి చివరి మాటలు అవే. గుండె ఆపరేషన్‌కని క్రైస్ట్‌చర్చ్ వెళ్ళింది, తిరిగి రాలేదు. ఇందాక మా గేటు ముందు స్కూలు బస్సు కీచుమని ఆగి వెళ్ళింది. ఆమె నడిపిన బస్సే అది. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను, రాయి స్వాతీ. మా ఆడపడుచు కూతురివి, ఈ దేశం రాకముందు ఒంగోలులో పదో తరగతి దాకా తెలుగు చదివినదానివి. నాకు సంతకం తప్ప రాదు.

మా ఊరు చూడనివాళ్ళకు ముందు ఊరు చెప్పాలి. కనుచూపు మేర బల్లపరుపు నేల. గీత గీసినట్టు ఒకటే రోడ్డు. దాని పక్కన కాసిని ఇళ్ళు, ఒక చిన్న స్కూలు, రేకుల కప్పు హాలు, మూతపడిన చిల్లర కొట్టు. కొండల మీంచి గాలి లేచిందంటే తలుపు తీయలేం. ఆ గాలికి అడ్డంగా పొలాల అంచున గోడలా చెట్లు పెంచారు. ఆ చెట్లు తప్ప చాటన్నదే లేదు. రోడ్డు మీద ఎవరు వస్తున్నా ఆమడ దూరం నుంచే కనబడతారు. మా ఆయన ఇక్కడి ఆవుల ఫారంలో పాలు పితికేవాడు. ఆయన పోయాక దూడలకు పాలు పట్టే పని నాకిచ్చారు.

అప్పుడే మీరుండే న్యూ లిన్ నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, పొద్దున్నే బయల్దేరేవాళ్ళకు ఎదురెళ్ళకు. పరాయి ఊళ్ళో మాట పడతావ్" అంది. నమ్మాను. బస్సు నిండా పసిపిల్లలాయె. అది దూరంగా కనబడగానే బకెట్లు అక్కడే వదిలేసి చెట్ల వెనక్కి పరిగెత్తేదాన్ని.

వారం రోజులు చూసి, ఓ పొద్దున బస్సు ఆపి దిగింది మార్గరెట్. "నామీద కోపమా?" అని అడిగింది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను: మొగుడు పోయినదాన్ని, నేను ఎదురొస్తే పిల్లలకు మంచిది కాదు. ఆమె ముఖం కందగడ్డ అయింది.

"నా మొగుడు పోయి పంతొమ్మిదేళ్ళు. రోజూ ఈ పిల్లల్ని స్కూలుకు చేరుస్తోంది ఎవరనుకున్నావ్? మరి నన్నేం చేద్దాం, డిక్కీలో పెట్టి మూత వేద్దామా?"

పిల్లలు పకపకా నవ్వారు. "రేపటినుంచి గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపు. నువ్వు రాందే బస్సు కదలదు" అని వెళ్ళిపోయింది.

మర్నాడు నేను రాలేదు. హారన్ మోగిస్తూనే ఉంది మహాతల్లి. ఊళ్ళో కుక్కలన్నీ అందుకున్నాయి. సిగ్గుతో చచ్చి బయటికి వచ్చాను. చెయ్యి ఊపాను. నెల తిరిగేసరికి నేను కనబడకపోతే పిల్లలే నా పేరు పెట్టి అరిచేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ పిల్లల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఆమె పోయిందని చెబితే మీ అమ్మ ఏమందో తెలుసా? "కొంపదీసి ఎదురెళ్ళావా వదినా?" అంది. రాయి, ఉన్నదున్నట్టు రాయి. మార్గరెట్ గుండె ఎప్పుడో చెడింది. బతుకుతానో లేదో తెలియదని డాక్టరు చెప్పాడని నాతో తనే అంది. అయినా మీ అమ్మ మాటకు రెండు పొద్దులు నేను గేటు దగ్గరికి పోలేదు. మీ అమ్మ మీద కన్నా నామీద నాకే ఎక్కువ మంట. మూడో రోజు హాలు ముందు నుంచి ఆమె శవపెట్టెను ఎక్కించుకుని కారు బయల్దేరింది. ఊరంతా రోడ్డు పక్కన నిలబడితే నేను నడిమధ్యకు వెళ్ళి దానికి ఎదురు నిలబడ్డాను. ఎవరూ పక్కకు లాగలేదు. కారు ఆగింది. తనివితీరా చూసి, నేనే తప్పుకున్నాను.

వచ్చే నెల నీ పెళ్ళి. నిన్ను పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు నన్ను లోపలి గదిలో కూర్చోమంటోంది మీ అమ్మ. కూర్చోను. ముందుకొచ్చి నా చేత్తో అక్షింతలు వేస్తాను. ఏం, కలం ఆపావేం? మీ అమ్మ మాటలు వచ్చినచోట మెత్తగా మార్చావా? ఏదీ, ఒక్క ముక్క వదలకుండా మొదటినుంచి చదువు.