పోగులో లేని ముక్క

తుబ్లీ లేబర్ క్యాంపులో మా గదికి డాక్టరు మా మామే. ఊరి వరసకు మామ. ఊళ్లో ఎవరింట్లో యాటను, అంటే మేకనో గొర్రెనో, కోయాలన్నా ఆయన్నే పిలిచేవారు. బహ్రెయిన్‌కు తాపీ పనికి వచ్చినా ఆయన చేతిలోంచి కత్తి దిగలేదు. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి గదివాళ్లమంతా కలిసి కబేళా నుంచి ఒక మేకను మొత్తంగా తెచ్చుకునేవాళ్లం. మామ ముక్కలు కొట్టి, మనిషికొక వాటాగా పోగులు వేసేవాడు. కార్జమైనా, గుర్దా అయినా, పేగుల బోటి అయినా ప్రతి పోగులోనూ కొంచెం పడాల్సిందే. పడలేదంటే ఆ వారమంతా గదిలో మాటలుండవు.

ఆ అనుభవంతోనే ఆయన మనుషులకు వైద్యం చెప్పేవాడు. మేకకూ మనిషికీ తేడా తోక ఒక్కటేనని ఆయన గట్టి నమ్మకం. నేనూ నమ్మాను. చెప్పేటప్పుడు ఆయన చేతిలో కత్తి ఉండేది మరి.

ఒక శుక్రవారం పొద్దున నాకే కడుపునొప్పి మొదలైంది. బొడ్డు దగ్గర పుట్టి, మెల్లగా కుడివైపు కిందికి దిగి, అక్కడ తిష్ఠ వేసింది. మామ వేలితో నొక్కాడు. నేను కెవ్వుమన్నాను.

"గ్యాసు. జర వాము నములు," అన్నాడు.

నమిలాను. మధ్యాహ్నానికి వాముతో సహా అంతా బయటికొచ్చింది. ఒళ్లు కాలిపోతుంటే గదివాళ్లు నన్ను టాక్సీలో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మామ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా గ్యాసునే తిట్టాడు.

అక్కడి డాక్టరమ్మ కోస్తా మనిషి. పరీక్షలన్నీ చేయించి, "అపెండిక్స్ వాచిపోయిందండీ. పగిలిందంటే ప్రాణానికే ముప్పు. వెంటనే ఆపరేషన్ చేసెయ్యాలి," అంది.

"గదేందమ్మా?" అన్నాడు మామ.

"పేగుకి వేలాడే చిన్న ముక్కండీ. చిటికెన వేలంత ఉంటుంది."

"గసోంటి ముక్క లేదు."

"ఉంటుందండీ."

"ఇన్నేండ్ల సంది పోగులేస్తున్న. గా ముక్కుంటే ఎవ్వని పోగులనన్న వడకపోవునా? వడనోడు కొట్లాటకు రాకపోవునా?"

నిజం చెప్పాలంటే, ఆ వాదనలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. మామ నా చెవి దగ్గరికి వంగాడు. గల్ఫులో ఏ దేశమైనా ఆయనకు దుబాయే. "దుబాయి దవాఖాన్లు గిట్లనే ఉంటయి. లేని ముక్క కోసం కడుపు కోస్తరట. ఒప్పుకోకు అల్లుడా."

మెలికలు తిరుగుతూనే నేను తల అడ్డంగా ఊపాను. చావంటే భయం లేక కాదు. ఆ దేశంలో నాకున్న నమ్మకమంతా ఆ మనిషి మీదే.

డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని మామకు ఎదురుగా కూర్చుంది.

"పూర్వం గ్రీకు వైద్యుడొకాయన ఉండేవాడండీ. మీలాగే, చేత్తో కోసి చూస్తేగానీ నమ్మేవాడు కాదు. కొన్ని నాళాల్లో ఉండేది గాలేనని పెద్దపెద్దవాళ్లు అంటుంటే, కాదు రక్తమేనని కోసి చూపించాడు. అరుస్తున్న పంది మెడలో నరాన్ని కట్టేసి, అందరి ముందూ దాని నోరు మూయించాడు."

మామ నిటారుగా కూర్చున్నాడు. "మొగోడు," అన్నాడు.

"కానీ అప్పట్లో మనిషి శవాన్ని కొయ్యనిచ్చేవారు కాదండీ. కోతుల్నీ పందుల్నీ కోసి, మనిషిలోనూ ఇంతేనని రాసేశాడు. ఆయన కోసిన కోతులకి ఈ ముక్క లేదు. మీ మేకకీ లేదు. మనిషికుంది. ఆయన రాసిన తప్పుల్ని వెయ్యేళ్లు దాటినా జనం నమ్ముతూనే ఉన్నారండీ. మీ అల్లుడికి మాత్రం అంత టైం లేదు."

మామ నా కడుపు వంక చూశాడు. మళ్లీ ఆవిడ వంక చూశాడు.

"మనిషినైతే నేను కొయ్యలే," అన్నాడు మెల్లగా. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒప్పుకో అల్లుడా." ఈసారి తల నిలువుగా ఊపాను; ఆ రాత్రే ఆపరేషన్ అయిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ ఆ ముక్కను చిన్న సీసాలో తెచ్చి చూపించింది. మామ దాన్ని కిటికీ వెలుతురులో పట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నా మాట ఇని సచ్చిపోతుంటివి గదరా," అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే కుట్లు లాగుతున్నాయి.

డాక్టరమ్మ వెళ్లబోయింది. మామ కళ్లు తుడుచుకుని ఆవిడకు అడ్డంగా నిలబడ్డాడు.

"జర కూసో అమ్మా. మేకల లేనియి మనిషిల ఇంక ఏమేమున్నయో జెప్పు. నా మాట ఇనేటోళ్లు క్యాంపుల ఇంక శానమందున్నరు."