ప్రార్థన మధ్యలో ఆరిపోయిన లైట్లు

ఈ రోజు తాడేపల్లిలో ఒక కొత్త లగ్జరీ హోటల్‌కి ప్రారంభ ప్రార్థన పెట్టారు. అక్కడి లైట్లు, స్పీకర్లు డిజైన్ చేసింది నేనే. మనుషుల కదలిక లేకపోతే లైట్లు వాటంతటవే ఆరిపోయే సెన్సార్లు పెట్టించి, కరెంటు ఎంత ఆదా అవుతుందో ఓనర్‌గారికి గొప్పగా చెప్పిందీ నేనే.

పాస్టర్‌గారు మొదలుపెట్టారు. అందరూ తలలు వంచి, కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడ్డారు. ఆయన పునాది దగ్గర్నుంచి లిఫ్టు దాకా ఒక్కొక్కదాన్నే దీవిస్తున్నారు. ఇంతసేపు ఎవరూ కదలకపోతే నా సెన్సార్లు ఊరుకోవని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అనుకున్నంతా అయింది. చీమకుర్తి గ్రానైట్ గోడ మీద వెలుగు మెల్లగా తగ్గి, కిటికీల్లేని హాలంతా చీకటైపోయింది. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. వెనక వరసలో ఉన్న నేను రెండు చేతులూ పైకెత్తి గబగబా ఊపాను. లైట్లు వచ్చాయి. ఇక ఆమెన్ అనేదాకా చేతులు దింపితే ఒట్టు.

ప్రార్థన ముగిశాక పక్కకి తిరిగితే ఓనర్‌గారి అమ్మగారు తడికళ్ళతో నన్నే చూస్తున్నారు.

"ఏ చర్చికెళ్తావు బాబూ?"

"నేను లైట్ల పని చూసేవాణ్ణండీ."

"అయితే ఏంటయ్యా! మావాడి హోటల్ కోసం చేతులెత్తి అంత ఆరాటంగా ప్రార్థించింది నువ్వొక్కడివే. ఆదివారం మా చర్చికొచ్చి, దేవుడు నీకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి."

ఓనర్‌గారు పక్కనే ఉన్నారు. తలూపేశాను. అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ పెద్దావిడకి అబద్ధం ఎలా చెప్పను?

అయితే చేతులూపుతూ "దేవుడా, ఈ ఒక్కసారికి వెలిగించు" అనుకున్న మాట మాత్రం నిజం. అదే చెప్పేస్తే సరిపోతుందంటారా?