మణికట్టు మీద తాడు గుర్తు

పదవీ విరమణకు ఏడాది ముందు, మాఘమాసంలో, నేను విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో ఫోరెన్సిక్ విభాగాధిపతిని. అనుమానాస్పద మరణమైతే పోలీసులు దేహాన్ని మాకు అప్పగిస్తారు. మనిషి ఎలా పోయాడో చెప్పడం మా పని, ఎవరు చంపారో చెప్పడం కాదు. టీ కొట్ల దగ్గర ఈ తేడా ఎవరికీ పట్టదు.

ఆ రోజు వచ్చిన దేహం సన్యాసిరావుది. భీమిలి దారిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేవాడు. ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి విషం వదులుతోందని తానే కాలుష్య నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేశాడు. ఉద్యోగం పోయింది. అయినా తెల్లవారగానే ఆ గొట్టం పక్క రాళ్ల మీదికి వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టేవాడు. అక్కడే సముద్రంలో పోయాడు. రెండు మణికట్ల మీదా తాడు గుర్తులు. ఆ గుర్తుల ఫోటో ఊరంతా తిరిగింది. కట్టి పడేశారన్నారు. నేను కత్తి పట్టకముందే మా అటెండరు మొదలు ఆటోవాళ్ల దాకా పోస్టుమార్టం పూర్తి చేసేశారు.

మొదట నాకూ అలాగే అనిపించింది. ఆ ఫ్యాక్టరీవాళ్ల మీద నాకేం ప్రేమ లేదు. కానీ బతికున్న మనిషికి తాడు బిగిస్తే చర్మం కింద నెత్తురు కమ్ముతుంది. ఆ గుర్తుల కింద కోసి చూస్తే ఏమీ లేదు. అంటే కట్టింది ప్రాణం పోయాకే. అరచేతుల్లో మాత్రం గీరుకుపోయిన గాయాలు, వాటి కింద నెత్తురు. రాయిని పట్టుకోబోయాడు. శ్వాసనాళంలో నురగ. నీట మునిగి పోయాడు. మరి పోయిన మనిషి చేతులు ఎవరు కట్టారు?

మర్నాడు ఉదయం ఎస్సైతో కలిసి ఆ చోటు చూడడానికి వెళ్లాను. ఒకటే మంచు. సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. లంగరేసిన ఓడలు గాల్లో నిలబడి ఉన్నాయి. అలల చప్పుడు వేరే ఊరి నుంచి వస్తున్నట్టుంది. ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను. ఆ తెల్లదనంలోంచి మెల్లగా ఒక పడవ ముక్కు బయటికొచ్చింది, పసుపు కుంకుమలు ఇంకా చెదరలేదు. దేహాన్ని ఒడ్డుకు చేర్చిన జాలరి ఎల్లాజీ పడవ అది. తాడు సంగతి నేనడిగాకే చెప్పాడు.

"కొత్త పడవమ్మా. మొన్ననే గంగమ్మకి మొక్కి దింపినాం. సవాన్ని ఎక్కించనేక సేతులు కట్టి ఈడ్సుకొచ్చినాం. తప్పేటమ్మా? ఆ బాబు ఒక్కడే ఉన్నాడు, వంగి సీసా ముంచుతూ జారిపోనాడు. మేం ఎల్లేసరికి అయిపోనాది."

నివేదిక మీద సంతకం పెట్టబోతుండగా సన్యాసిరావు భార్య సత్యవతి వచ్చింది. హత్యేనని గట్టిగా అనమని బంధువులు నేర్పి పంపారట. ఆమె ఆ మాట అనలేదు.

"జారి పడిపోనారని రాసేత్తే, ఆయన సెప్పింది కూడా అబద్దమైపోద్దా అమ్మా?"

కాదన్నాను. నీళ్ల సంగతి నీళ్లే తేల్చాలి, వాటిని పరీక్షించమని అడుగు అన్నాను. సంతకం పెట్టాను.

నేను అమ్ముడుపోయానన్నారు. ఒళ్లు మండింది, రాసింది మాత్రం మార్చలేదు. కొన్నాళ్లకే ఊరు ఇంకో ఫోటో వెతుక్కుంది. కట్టి పడేశారని అరిచినప్పుడూ, తరువాతా, గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. సత్యవతి ఒక్కతే అధికారుల వెంటపడింది. చివరికి వాళ్లు ఎల్లాజీ పడవెక్కి వెళ్లి గొట్టం దగ్గర నీళ్లు పట్టుకొచ్చారు. పరీక్షలో విషం తేలింది, గొట్టం మూయించారు.

మనిషి పోయిన తీరుకూ అతను చెప్పిన మాటకూ ముడిపెట్టకూడదని ఆ కేసు నాకు నేర్పింది. సన్యాసిరావు కాలు జారే పోయాడు. అతను నీళ్లు పట్టిన చోట విషం ఉంది.