నేను అనుమానించని ఒకే ఒక్క తోటకూర

ఆ రోజు మధ్యాహ్నం ఇంటర్ పిల్లలకు బ్యాలెన్స్ షీటు చెబుతూ వాక్యం మధ్యలో ఆగిపోయాను. ఊపిరి అందలేదు. క్లాసు అయిపోయిందనుకుని పిల్లలు సంతోషంగా లేచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి చలి, జ్వరం, పొడి దగ్గు. పాలకొల్లులో వానాకాలం దగ్గడం పెద్ద వార్తేం కాదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

నిజానికి ఊపిరితిత్తుల విషయంలో నేను అప్పటికే జాగ్రత్తలో ఉన్నాను. ఆకుకూరలు తింటే అవి బాగుపడతాయని మా బావగారు ఫోన్లో వీడియో పంపిన దగ్గర్నుంచి రోజూ తింటున్నాను. బజారు ఆకుకూరల మీద మాత్రం నమ్మకం లేదు. మార్కెట్లో మంగమ్మ దగ్గర కట్ట తిరగేసి, "దీనికి ఏం మందు కొట్టారమ్మా?" అని అడిగేవాణ్ణి.

"మందు కొడితే ఇన్ని బెజ్జాలెందుకుంటాయి మేస్టారూ? ముందు పురుగు తిని చూశాకే మీకిత్తన్నాను," అనేది.

పురుగు ఇచ్చిన సర్టిఫికెట్టు నాకు చాలలేదు. మేడ మీద సంచుల్లో మట్టి పోసి తోటకూర, పాలకూర, చుక్కకూర వేశాను. ఎరువు కూడా కొన్నది కాదు. వరిగడ్డి, పేడ కలిపి ఓ మూల గుట్టగా మాగబెట్టి, తెల్లారగానే నా చేతులతో తిరగేసేవాణ్ణి. అప్పుడు తెల్లటి దుమ్ము లేచేది. అది స్వచ్ఛతకు గుర్తనుకున్నాను.

దగ్గు తగ్గలేదు. ఊళ్ళో డాక్టరుగారు ఎక్స్-రే తీయించి, "కొంచెం ఇన్ఫెక్షన్ ఉన్నట్టుందండి," అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. నేను రైసుమిల్లు పొగగొట్టాన్ని అనుమానించాను. తరవాత పక్కింటివాళ్ళ దోమల చక్రాన్ని, కాలేజీ సుద్దముక్కల్ని, చివరికి బావగారిని. ఓ రోజు మేడమెట్ల మధ్యలో కూలబడ్డాను.

"మెట్ల మీదేంటండీ, కొత్తగా?" అంది మా ఆవిడ.

"వీధి చూస్తున్నాను," అన్నాను. అక్కణ్ణుంచి వీధి కనపడదు.

రాజమండ్రి ఆస్పత్రిలో చేరేసరికి రక్తంలో ఆక్సిజన్ తొంభై శాతం కిందికి పోయింది. ఆక్సిజన్ పెట్టారు, సీటీ స్కాన్ తీశారు. వారంలో తేరుకున్నాను. ఇంటికొచ్చిన మర్నాడే, నేను లేక మొక్కలు దిగులుపడి ఉంటాయని మేడెక్కి, గుట్ట తిరగేశాను. సాయంత్రానికి అదే చలి, అదే ఆయాసం. మళ్ళీ అదే ఆస్పత్రి.

"ఆస్పత్రిలో బాగుండి, ఇంటికెళ్తే పాడవుతున్నారంటే మీ ఇంట్లోనే ఏదో ఉందండి," అన్నారు డాక్టరమ్మ. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ అప్పటికే నా వంక చూస్తోంది.

"పావురాలున్నాయా? చెమ్మ గోడలు? కుళ్ళిన గడ్డి?"

"గడ్డి మేడ మీద ఉందండి," అంది మా ఆవిడ. "మావారికి లోకంలో అనుమానం లేని చోటు అదొక్కటే."

జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. మాగుతున్న గడ్డిలోని బూజు దుమ్ము నా ఊపిరితిత్తులకు పడలేదు.

"ఇలాగే పీలిస్తే లోపల మచ్చ కట్టేస్తుంది. ఫైబ్రోసిస్ అంటాం. అదొస్తే వెనక్కి పోదండి."

"మరి ఆకుకూరలు?"

"మానకండి. ఒంటికి మంచివి, ఊపిరితిత్తులకూ కొంత మేలు చేయొచ్చు. కానీ మందు కాదు. మీకు తిన్నదాంతో రాలేదు, పీల్చినదాంతో వచ్చింది."

డాక్టరమ్మను కూడా అనుమానించాను. అలవాటు. గుట్ట ఎత్తించేసి, ఆవిడ రాసిన స్టెరాయిడ్లు మెల్లగా తగ్గించి ఆపేశాక కూడా దగ్గు తిరిగి రాకపోయేసరికి, ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను, నిదానంగా. స్కాన్‌లో ఓ మూల చిన్న మచ్చ మాత్రం ఉండిపోయింది. ఏటా చూపించుకోమన్నారు. మొన్న మళ్ళీ మార్కెట్టుకు వెళ్తే మంగమ్మ, "ఏంటి మేస్టారూ, మేడ మీద పంట బాగోలేదా?" అంది.

"పంట బానే ఉంది. రైతే బాగోలేడు," అని కట్ట తీసుకున్నాను. బెజ్జాలున్నాయో లేదో మాత్రం చూసుకున్నాను.

ఊపిరి ఆడని వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చెడ్డ అలవాట్ల గురించి డాక్టర్లు ఎటూ అడుగుతారు. మంచి అలవాట్ల గురించి మీరే చెప్పండి. సిగరెట్టు తాగుతారా అని నన్ను అడిగిన ప్రతిసారీ లేదని గర్వంగా చెప్పాను. తోటకూర పెంచుతున్నానని ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకోవాల్సిన అలవాటులా కనపడలేదు.